తామర మందుకు తగ్గని నల్లమచ్చ: పిగ్మెంటెడ్ బోవెన్‌ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా నయం చేయించుకోవాలి

పిక్క మీదో, నడుము దగ్గరో రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. పైన పొలుసు. నొప్పి ఉండదు, దురద కూడా అంతంతమాత్రం. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, తామరకి ట్యూబు ఇవ్వు" అంటే ఇచ్చేస్తారు. రాసినన్నాళ్లు కాస్త మెత్తబడినట్టుంటుంది, ఆపగానే మళ్లీ మామూలే. ఇలా ట్యూబు మీద ట్యూబు మారుస్తూ ఏళ్లు గడిపేసినవాళ్లు విజయవాడ సూర్యారావుపేటలోగానీ గుంటూరు కొత్తపేటలోగానీ ఏ స్కిన్ డాక్టరు గది ముందు కూర్చున్నా కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి ఉండేది నిజంగా తామరే, లేదంటే గోకి గోకి మందమెక్కిన చర్మం. ఎప్పుడో ఒకరికి మాత్రం అది చర్మ క్యాన్సర్ తొలి దశ అవుతుంది. ఆ ఒక్కరు మీరో, మీ ఇంట్లో పెద్దవాళ్లో అయితే ఏం చేయాలన్నదే ఇక్కడ రాస్తున్నాను.

దీన్ని పిగ్మెంటెడ్ బోవెన్స్ డిసీజ్ అంటారు. బోస్టన్‌లో చర్మ వైద్యుడిగా పనిచేసిన జాన్ బోవెన్ 1912లో ఈ జబ్బును వర్ణించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. చర్మం పైపొరలోని కణాలు క్యాన్సర్ కణాలుగా మారతాయి, కానీ ఆ పొర అడుగునున్న పలచటి గీత దాటి లోపలికి దిగవు. గోడకి పైపూత చెడింది, ఇటుక ఇంకా బాగానే ఉంది, అలాగన్నమాట. తెల్లవాళ్లలో ఇది ఎర్రటి పొలుసు మచ్చగా కనిపిస్తుంది. కొందరిలో ఆ కణాల్లోకి మెలనిన్ రంగు చేరి గోధుమ రంగుకో, బూడిద కలిసిన నలుపుకో తిరుగుతుంది. బోవెన్ మచ్చలన్నిటిలో ఈ నల్లరకం నూటికి 2 లోపేనని పాత లెక్క. మనలాంటి చామనచాయ, నల్ల చర్మాల్లో దీని వాటా అంతకంటే ఎక్కువే. అలాగే వదిలేస్తే నూటికి 3 నుంచి 5 మచ్చలు లోపలికి దిగి అసలు క్యాన్సర్‌గా మారతాయి. మర్మావయవాల మీద వచ్చేదానికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, నూటికి 10 దాకా. అంటే రాత్రికి రాత్రే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన జబ్బు కాదు, అలాగని ఏళ్ల తరబడి ట్యూబులతో నెట్టుకొచ్చేదీ కాదు.

ముందు ఇంట్లోనే సరిగ్గా చూడండి

పొద్దున డాబా మీదో, వరండాలోనో నీడగా ఉన్న వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద నలుపు, గోధుమ ఒకేలా కనిపిస్తాయి. మచ్చ మీద పౌడరు, నూనె ఉంటే కడిగేసి ఆరనివ్వండి. ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి: ఒకటి దూరం నుంచి, ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా. రెండోది దగ్గరి నుంచి, పక్కన పిల్లల స్కేలు పెట్టి మిల్లీమీటర్ల గీతలు కనపడేలా. ఫ్లాష్ వేయొద్దు. వీపు, పిరుదులు, తొడల వెనక భాగం ఎవరికి వారు చూసుకోలేరు కాబట్టి ఇంట్లోవాళ్ల సాయం తీసుకోండి. నాలుగు వారాల తర్వాత అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీసి పోల్చండి.

ఏం కనిపిస్తే అనుమానించాలి? ఒక్కటే ఉన్న మచ్చ. అంచు స్పష్టంగా తెలుస్తుంది, కానీ గుండ్రంగా కాకుండా వంకరటింకరగా ఉంటుంది. పైన పొడి పొలుసు, కొన్నిచోట్ల పెచ్చు. వేలితో తడిమితే చుట్టూ ఉన్న చర్మం కంటే ఓ పిసరు ఎత్తు, కాస్త గరుకు. రంగు అంతటా ఒకే రకంగా ఉండదు: ఒక పక్క ముదురు, మధ్యలో గులాబీ ఛాయ, ఇంకో పక్క బూడిద. అన్నిటికంటే పెద్ద గుర్తు దాని నడక. తామరలా వారాల్లో పాకదు, నెలలూ ఏళ్లూ తీసుకుని అంచు వెంబడి నిదానంగా పెరుగుతుంది. తనంతట తాను మాయమవదు.

ఎండ తగిలే చోట్లకే ఇది పరిమితం అనుకోకండి. కాళ్లు, ఛాతీ, వేళ్లు, గోటి పక్కన, గజ్జలు, మర్మావయవాలు, మలద్వారం చుట్టూ కూడా వస్తుంది. కప్పిన చోట వచ్చేదాన్నే మనవాళ్లు ఎక్కువ కాలం దాచుకుంటారు.

పోలికలతో పొరపడకుండా

తామరకి అంచు ఎర్రగా, చురుగ్గా ఉండి మధ్యలో తేటబడుతుంది, దురద చంపేస్తుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. డాక్టరు పొలుసు గీకి కేఓహెచ్ పరీక్ష (ఆ పొలుసులో తామర ఫంగస్ ఉందేమో సూక్ష్మదర్శినిలో చూడటం) చేస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

వయసు మీదపడ్డాక మొహం మీద, వీపు మీద అతికించినట్టుండే నల్లటి కాయలు వస్తుంటాయి. అవి సెబోరిక్ కెరటోసిస్, నిరపాయం. పిగ్మెంటెడ్ బోవెన్‌ని చూసి ఇదేననుకోవడం డాక్టర్లకు కూడా జరిగేదే.

మొలతాడు కట్టే చోట, లంగా బొందు బిగించే చోట నలుపెక్కడం మన దగ్గర ఇంటింటా ఉంది. అది నడుము చుట్టూ పట్టీలా, రెండు పక్కలా ఒకే తీరుగా ఉంటుంది. ఆ పట్టీలో ఒక్క చోట మాత్రం గరుకు మచ్చ లేచినా, పుండు పడి మానకపోయినా దాన్ని "బొందు ఒరుపు" కింద కొట్టేయకండి. దశాబ్దాల తరబడి చీరకట్టు బిగుతు ఒరిసిన చోట క్యాన్సర్ వచ్చిన కేసులు మన దేశం నుంచే వైద్య పత్రికలకెక్కాయి, దానికి చీర క్యాన్సర్ అన్న పేరు కూడా పడింది. బొందు వెడల్పుగా, వదులుగా కట్టుకోమని అమ్మకి, మామ్మకి చెప్పండి. వింటారని హామీ ఏమీ ఇవ్వలేను.

అసలు భయపడాల్సిన పోలిక మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రమాదకరమైన క్యాన్సర్. మనవాళ్లలో అది ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. అరికాలి నల్లమచ్చ పెరుగుతున్నా, గోటి మీద నల్లచార వెడల్పవుతూ గోటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకుతున్నా నాలుగు వారాల ఫొటో లెక్కలు పెట్టుకోవద్దు. ఆ వారంలోనే చూపించండి. పిగ్మెంటెడ్ బోవెన్, మెలనోమా రెండూ పైకి అచ్చం ఒకేలా ఉండొచ్చు. తేల్చేది కన్ను కాదు, ముక్క పరీక్ష, అంటే చిన్న చర్మం ముక్క తీసి ల్యాబులో చూసే బయాప్సీ.

మచ్చ ఉన్నట్టుండి మందమెక్కినా, గడ్డ కట్టినా, పుండై రక్తం కారినా, నొప్పి మొదలైనా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టినా కూడా వెంటనే వెళ్లాలి. జబ్బు లోపలికి దిగిందనడానికి అవి గుర్తులు కావచ్చు.

ఈలోగా చేయకూడనివి

సున్నం, సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం అంటించడం, పులిపిరికి కట్టినట్టు వెంట్రుక బిగించడం: ఇవేవీ వద్దు. పైపొర కాలి మచ్చ పోయినట్టే ఉంటుంది, వెంట్రుకల కుదుళ్లలోకి దిగిన కణాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. పైగా రేపు ముక్క తీస్తే పరీక్ష చేసే డాక్టరుకి కాలిన మచ్చే కనిపిస్తుంది, జబ్బు కనిపించదు. బ్యూటీ పార్లర్‌లో "మచ్చ తీసేస్తాం" అంటూ లేజరుతో కాల్పించుకున్నా ఇదే చిక్కు. లేజరుకి నేను వ్యతిరేకిని కాదు. పేరు తెలియని నల్లమచ్చ మీద దాన్ని వాడటమే తప్పు.

ఇక షాపు ట్యూబులు. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపేసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు, దురద అణిగి తగ్గుతున్న భ్రమ కలుగుతుంది. చర్మం పలచబడుతుంది, అసలు జబ్బు రూపు మారిపోతుంది. ఇప్పటికే వాడి ఉంటే ఆ ట్యూబులు పారేయకుండా కవర్లో వేసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. పేరు చెప్పడం కంటే ట్యూబు చూపించడం మేలు.

నా లెక్క ఒక్కటే: డాక్టరు రాసిచ్చిన మందు సరిగ్గా వాడినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కదలని, ఒక్కటే ఉన్న పొలుసు మచ్చకి ముక్క పరీక్ష చేయించాల్సిందే. ఇంకో ట్యూబు కాదు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం చెప్పాలి

గుంటూరు జీజీహెచ్‌లోనూ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ చర్మ విభాగం ఉంది. రెండు ఊళ్లకీ మధ్యన మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ విభాగాన్ని డీవీఎల్ అంటారు, అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధులు మూడూ ఒకే చోట. ఆ బోర్డు చూసి "తెలిసినవాళ్లెవరైనా చూస్తే" అని గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లేవాళ్లున్నారు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లలో సగం మంది తామరకీ మొటిమలకీ వచ్చినవాళ్లే, మొహమాటపడకండి. ప్రైవేటుకి వెళ్లేటట్టయితే సౌందర్య చికిత్సలు మాత్రమే చేసే క్లినిక్కి కాకుండా, ముక్క పరీక్ష చేసే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫోన్ చేసి "మీ దగ్గర స్కిన్ బయాప్సీ చేస్తారా?" అని అడిగితే సరిపోతుంది.

డాక్టరుకి అడక్కపోయినా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మచ్చ ఎన్నాళ్లుగా ఉంది. అదే చోట ఎప్పుడైనా కాలిందా, రేడియేషన్ ఇచ్చారా. కిడ్నీ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు వాడుతున్నారా. గతంలో ఉబ్బసానికో, సోరియాసిస్‌కో నాటు వైద్యుడి దగ్గర భస్మాలు తిన్నారా. ఈ చివరిది మనవాళ్లు మరిచిపోతారు. కొన్ని భస్మాల్లో తాళకం, మణిశిల పడతాయి, రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. ఆర్సెనిక్ ఒంట్లో చేరిన పది, ఇరవై ఏళ్ల తర్వాత కూడా బోవెన్ మచ్చలు రావచ్చు, అదీ ఎండ తగలని చోట, ఒకటికి మించి. అరచేతుల్లో, అరికాళ్లలో గింజల్లాంటి గట్టి కాయలు కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. పురుగుమందు కొట్టే రైతులూ ఆ సంగతి చెప్పాలి, ఒకప్పటి మందుల్లో ఆర్సెనిక్ ఉండేది. మిరపకాయ ఘాటుకి చేతులు మండటానికీ దీనికీ మాత్రం సంబంధం లేదు.

గజ్జల్లోనో మర్మావయవాల మీదో మచ్చ ఉంటే డాక్టరు హెచ్‌పీవీ (పులిపిర్లు తెచ్చే, కలయిక వల్ల కూడా అంటుకునే వైరస్) గురించి మాట్లాడతారు, హెచ్ఐవీ పరీక్ష రాయొచ్చు. అది మీ నడవడి మీద తీర్పు కాదు, మామూలు పద్ధతి. వయసులో ఉన్నవాళ్లకి అక్కడ చిన్న చిన్న గోధుమ రంగు పులిపిర్లలా గుంపుగా వస్తే అది బోవెనాయిడ్ పాపులోసిస్ కావచ్చు. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, దాని దారి మాత్రం వేరు, చాలాసార్లు తేలికది. అందుకే ల్యాబుకి పంపే చీటీలో మీ వయసు, మచ్చ ఉన్న చోటు, ఎన్ని ఉన్నాయో రాయమని అడగండి. భార్యకైనా భర్తకైనా ఇలా తేలితే ఇద్దరూ చూపించుకోవాలి, ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్ కూడా చేయించుకోవాలి.

ముక్క పరీక్ష రోజు

డాక్టరు ముందుగా డెర్మోస్కోప్‌తో చూస్తారు. చేతిలో పట్టుకునే, లైటున్న భూతద్దం అది. ఈ జబ్బులో అంచు వెంబడి వరసలు కట్టిన గోధుమ చుక్కలు, గుంపుగా మెలితిరిగిన సన్నటి రక్తనాళాలు కనిపిస్తే అనుమానం గట్టిపడుతుంది.

టిఫిన్ తినే వెళ్లండి. షుగరు, బీపీ మాత్రలు మామూలుగానే వేసుకోండి. గుండెకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపేయకండి. మత్తు సూది పొడిచినప్పుడు కొన్ని క్షణాలు భగ్గుమంటుంది, ఆ తర్వాత తోస్తున్నట్టు తెలుస్తుందేగానీ నొప్పి తెలియదు. పంచ్ అనే పెన్సిలంత గుండ్రటి బ్లేడుని మచ్చలో మందంగా ఉన్న చోట నిలబెట్టి అటూఇటూ తిప్పుతారు. మూడు, నాలుగు మిల్లీమీటర్ల ముక్క పైకి లేస్తుంది. అడుగు కత్తిరించి ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) సీసాలో వేస్తారు. ఒకటో రెండో కుట్లు. కూర్చున్నంత సేపు పట్టదు. మచ్చ చిన్నదైతే, మెలనోమా అనుమానం ఉంటే, ముక్కకి బదులు మొత్తం మచ్చనే తీసి పంపొచ్చు.

చిన్న క్లినిక్కుల్లో ఆ సీసా మీ చేతికే ఇచ్చి ల్యాబులో ఇవ్వమంటారు. తీసుకునే ముందు సీసా మీద మీ పేరు, తేదీ, చోటు రాశారో లేదో చూడండి. మూత మీద కాదు, సీసా మీద. మూతలు మారిపోతాయి. ముక్క మునిగి పైన ఇంకా చాలా ఫార్మలిన్ ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నీళ్లు కలపొద్దు, "రేపు ఎటూ అటే వెళ్తాంగా" అని కారులో ఎండకి వదిలేయొద్దు.

రిపోర్టులో వెతకాల్సిన మాటలు: స్క్వేమస్ సెల్ కార్సినోమా ఇన్ సిటూ అన్నా, బోవెన్స్ డిసీజ్ అన్నా ఒకటే. కార్సినోమా అన్న మాట దగ్గరే గుండె జారిపోతుంది, ఇన్ సిటూ దాకా చదవండి. పుట్టిన పొరలోనే ఉందని దానర్థం. బేస్‌మెంట్ మెంబ్రేన్ ఇంటాక్ట్, నో ఇన్వేజన్ అని ఉంటే లోపలికి దిగలేదని. పిగ్మెంట్, మెలనోఫేజెస్ అని ఉంటే నల్లరకం అని. ముక్క చిన్నదైతే తీయని చోట ఏముందో చెప్పలేరు, అందుకే మచ్చ పెద్దదైతే రెండు చోట్ల తీయించమని అడగొచ్చు. ముక్కతో చేసిన గాజు స్లైడు, ముక్కని దాచిన మైనపు బ్లాకు మీవే. వేరే ఆస్పత్రికి వెళ్తే అవి అడిగి తీసుకెళ్లండి, మళ్లీ కోయించుకునే పని తప్పుతుంది.

చికిత్స ఎంచుకోవడం

కోసి తీసేయడం: చుట్టూ 4, 5 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తారు. చర్మం వదులుగా ఉన్న చోట, మచ్చ చిన్నదైతే నా ఓటు దీనికే. ఒక్క రోజులో అయిపోతుంది, మొత్తం మచ్చ ల్యాబుకి వెళ్తుంది కాబట్టి ఎక్కడైనా లోపలికి దిగిందేమో కూడా తేలుతుంది. రిపోర్టులో మార్జిన్ క్లియర్ అని ఉండాలి, అంటే కోసిన అంచుల్లో జబ్బు మిగల్లేదని. మోకాలి కింద చర్మం బిగుతుగా ఉంటుంది, షుగరున్నా, కాళ్లలో నరాలు ఉబ్బినా పుండు మానడం ఆలస్యమవుతుంది. అక్కడ డాక్టరు వేరే దారి చూస్తారు.

5-ఫ్లోరోయురాసిల్ 5 శాతం క్రీము: మచ్చ పెద్దదైనా కోయడం కష్టమైనా ఇది రాస్తారు. రోజుకి ఒకసారో రెండుసార్లో, సాధారణంగా మూడు నాలుగు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. చేతి తొడుగుతోగానీ కాటన్ బడ్‌తోగానీ పలచగా, మచ్చ దాటి కొద్దిగా చుట్టూ కూడా రాయాలి. మొదటి వారం పెద్దగా ఏమీ ఉండదు, "ఈ మందు పనిచేయట్లేదు" అనిపిస్తుంది. రెండో వారానికి ఎర్రబడి మంట. మూడో వారానికి చెమ్మ, పుండు, పెచ్చులు. సరిగ్గా ఇక్కడే ఇంట్లోవాళ్లు బెదిరిపోయి ఆపించేస్తారు. మందు పనిచేస్తోందనడానికి గుర్తే అది. మంట భరించలేకపోతే, చీము పడితే, జ్వరం వస్తే డాక్టరుకి ఫోన్ చేయండి, మీ అంతట మీరు ఆపొద్దు. కోర్సు అయ్యాక మానడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఎండ తగిలితే మంట రెట్టింపవుతుంది. జబ్బు నిదానమైనది కాబట్టి, రోహిణి కార్తెలో మొదలుపెట్టకుండా ఎండలు తగ్గాక మొదలుపెట్టొచ్చేమో డాక్టరుని అడగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. కుక్క, పిల్లి ఈ క్రీము నాకితే ప్రాణాలకే ముప్పు, ట్యూబు బీరువాలో పెట్టండి.

ఇమిక్విమాడ్ క్రీము నెలల తరబడి వాడాలి, ఒళ్లు నొప్పులు, జ్వరం రావచ్చు. మర్మావయవాల దగ్గర దీన్ని ఎంచుకుంటుంటారు. వెంట్రుకలు దట్టంగా ఉన్న చోట క్రీములేవైనా కుదుళ్లలో దాగిన కణాల దాకా చేరకపోవచ్చు.

ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, గీకి కాల్చడం చిన్న మచ్చలకి బాగానే పనిచేస్తాయి. మన చర్మం మీద మాత్రం నైట్రోజన్ పెట్టిన చోట తెల్లమచ్చ మిగిలిపోవచ్చు, ఆ సంగతి ముందే అడగండి. కాంతితో చేసే ఫోటోడైనమిక్ చికిత్స ఎర్ర బోవెన్‌కి మంచిదే, నల్లదానికి అంత గొప్పగా ఉండదు, ఎందుకంటే మెలనిన్ ఆ కాంతిని తాగేస్తుంది. వేళ్లకి, గోళ్లకి, మర్మావయవాలకి అంచు అంచూ పరీక్షిస్తూ తీసే మోస్ సర్జరీ మేలు, అది చేసే చోట్లు తక్కువ. పంపించమని మీ డాక్టరునే అడగాలి.

ఖర్చు సంగతి: క్యాన్సర్ అని రాసిన రిపోర్టు చేతికొచ్చాక ఆస్పత్రిలో ప్రభుత్వ వైద్య పథకం హెల్ప్ డెస్కు దగ్గర, మనం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేం వస్తాయో అడగండి. రేషన్ కార్డు, ఆధార్, అసలు రిపోర్టు వెంట ఉంచుకోండి.

మానిన తర్వాత

మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి డాక్టరు చూపించుకోమంటారు. మానిన చోట కొన్నాళ్లు నల్లగానో పాలిపోయినట్టుగానో ఉండటం సహజం, నునుపుగా ఉన్నంత వరకు కంగారు లేదు. నెలకోసారి అక్కడ వేలితో తడిమి చూడండి, మిగతా ఒళ్లు కూడా చూసుకోండి, ఒక మచ్చ వచ్చినవాళ్లకి ఇంకొకటి రావచ్చు. పాత అంచున మళ్లీ గరుకు తగిలినా, గోధుమ పొలుసు లేచినా పాత రిపోర్టు, పాత ఫొటోలు పట్టుకుని వెళ్లండి. క్రీము మిగిలింది కదా అని ఇంట్లోనే మళ్లీ మొదలుపెట్టకండి.